వీడియో చూసింది కొడుకు, ఆపరేషన్ అమ్మకి: ఆ సమ్మతి చెల్లుతుందా?

ప్రశ్న: మాది చంద్రగిరి. మా అమ్మ అంగన్‌వాడీ టీచర్. మెడ దగ్గర గడ్డ ఉందని తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో థైరాయిడ్ మొత్తం తీసేశారు. క్యాన్సర్ కాదని తర్వాత రిపోర్టు వచ్చింది. కానీ ఆ రోజు నుంచి అమ్మ గొంతు బొంగురుపోయింది. పిల్లలకి ఒక పాట కూడా చెప్పలేక రోజూ ఏడుస్తోంది. తగ్గుతుంది, టైం పడుతుంది అంటూ 21 నెలలు తిప్పారు. ఇప్పుడు గట్టిగా అడిగితే, గొంతు మారొచ్చని వీడియోలో ముందే చెప్పాం, మీరు సంతకం కూడా పెట్టారు అంటున్నారు. నిజమే. ముందురోజు రాత్రి నర్సు వరండాలో నాకు ట్యాబ్‌లో తెలుగు వీడియో చూపించి, వేలితో సంతకం చేయించుకుంది. భయపడుతుందని అమ్మకి నేను చెప్పలేదు. అడ్మిషన్ రోజు అమ్మ చేత కూడా ఏవో ఇంగ్లిష్ కాగితాల మీద సంతకాలు పెట్టించారు. అసలు వీడియోనే చూపించలేదని కేసు వేద్దామని మిత్రుడు అంటున్నాడు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ఆపరేషన్‌లో సర్జన్ చెయ్యి సరిగ్గా పడలేదన్న కోపం మీకు ఉండొచ్చు. కేసు అక్కడ తేలదు. గొంతుని కదిలించే నరం థైరాయిడ్‌ని ఆనుకునే పోతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి దానికి దెబ్బ తగులుతుంది. గొంతు పోయింది కాబట్టి నిర్లక్ష్యం జరిగిందని ఏ వినియోగదారుల కమిషనూ ఊరికే ఒప్పుకోదు. మరో సర్జన్ వచ్చి చెప్పాలి. మీ కేసుని తేల్చేది ఒకే ప్రశ్న: ఆ వీడియో ఎవరికి చూపించారు?

సమీరా కోహ్లి కేసులో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు ఆధారం. అక్కడ పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకి, బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. మేజరైన మనిషి, తన మంచిచెడ్డలు తాను చెప్పుకోగలిగిన మనిషి అయినప్పుడు, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాకపోతే, బంధువు ఇచ్చిన సమ్మతి చెల్లదని కోర్టు చెప్పింది. మీ అమ్మగారు ఆ రాత్రి స్పృహలోనే ఉన్నారు, పక్క గదిలోనే ఉన్నారు. ఆమెని వదిలేసి మీకు చూపిస్తే ఆమెకి చెప్పినట్టు కాదు.

అదే తీర్పులో ఆసుపత్రికి పనికొచ్చే మాట కూడా ఉంది. అరుదుగా, ఎక్కడో జరిగే ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే దారి ఉందా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అనేవి చెబితే చాలు. గొంతు మారడం చాలా అరుదు, చెప్పనవసరం లేదని వాళ్ల లాయర్ వాదించబోతే, వాళ్ల వీడియోనే అడ్డం వస్తుంది. చెప్పాల్సినంత ముఖ్యం అని వాళ్లే అనుకుని అందులో పెట్టారు కదా! ఆసుపత్రి తన రక్షణగా చూపిస్తున్న ఆ వీడియో మీ చేతిలో ఉన్న అన్నిటికన్నా గట్టి సాక్ష్యం.

అందుకే మీ మిత్రుడి సలహా వినకండి. చూపించలేదని ప్రమాణపత్రంలో రాస్తే, ట్యాబ్‌లో మీ సంతకం, టైముతో సహా బయటికి వస్తుంది. ఆ తర్వాత మీ అమ్మగారు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. పైగా అబద్ధపు ప్రమాణం నేరం. గెలవగలిగిన కేసుని మీ చేత్తో మీరే పాడు చేసుకున్నవాళ్లవుతారు. ఒత్తిడి కోసం పోలీసు స్టేషన్‌కి పోదామన్న ఆలోచన ఉంటే అదీ మానండి. డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే చాలా తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లోనే జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మీ తప్పు కూడా చెప్పాలి. భయపడుతుందని తల్లి దగ్గర దాచారు. గొంతు ఆమెది, ఉద్యోగం ఆమెది. తెలిసి ఉంటే రిపోర్టులు పట్టుకుని వేలూరు సీఎంసీకో, స్విమ్స్‌కో వెళ్లి, సగం గ్రంథి తీస్తే సరిపోతుందా అని అడిగి ఉండేవారేమో. ఆ అవకాశం పోయింది. దీని గురించి క్రాస్‌లో, అంటే వాళ్ల లాయర్ మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, అడుగుతారు. దాచానని ఒప్పుకోండి. రోగికి చెప్పాల్సిన బాధ్యత ఆసుపత్రిది, కొడుకుది కాదు.

అంతకన్నా పెద్ద అజాగ్రత్త 21 నెలలు ఊరుకోవడం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. ఆపరేషన్ తేదీ నుంచే లెక్కేసుకోండి. రివ్యూలకి తిరిగిన రోజులు, నోటీసు ఇచ్చి జవాబు కోసం చూసిన రోజులు అందులోంచి పోవు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఈ వారమే అమ్మగారి సంతకంతో కేస్ షీటు (ఆసుపత్రిలో రాసిన చికిత్స రికార్డు) కోసం రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. అందులో సమ్మతి పత్రం చూడండి. ఇంగ్లిష్ ఫారం మీద అమ్మగారి సంతకం ఉంటే వాదన కాస్త కష్టమవుతుంది, పోదు. తెలుగులో ఎవరు వివరించారన్న ప్రశ్న ఉండనే ఉంటుంది. అదే ఉత్తరంలో ఆ వీడియో కాపీ, ఏ టైముకి ఎవరి పేరు మీద తెరిచారు, పూర్తిగా నడిచిందా అన్న ట్యాబ్ రికార్డు కూడా అడగండి, చెరిపేయవద్దని స్పష్టంగా రాయండి. ఇవ్వకపోతే తెప్పించమని కమిషన్‌ని అడగొచ్చు. మీ ఫోన్‌లో వాళ్లు పంపిన లింకు, మెసేజ్‌లు ఏవైనా ఉంటే ఫోన్ మార్చొద్దు, ఏదీ డిలీట్ చేయొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి.

వీడియో చూపించే పద్ధతి మీద నాకు కోపం లేదు. ఇంగ్లిష్ ఫారం చదవలేని వాళ్లకి, తెలుగులో బొమ్మలతో చూపిస్తే సగం భయం పోతుంది. అయితే రోగి చూడాలి, మధ్యలో ఆపి అడగగలగాలి, జవాబు చెప్పే డాక్టర్ ఎదురుగా ఉండాలి. మీ అమ్మగారికి ఈ మూడూ జరగలేదు. ఫిర్యాదులో ఇదే రాయాలి.

ఫిర్యాదు అమ్మగారి పేరు మీదే వేయండి, మీరు సాక్షిగా ఉండండి. ఆమె ఇక్కడే నివసిస్తున్నారు కాబట్టి తిరుపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. దానికి ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర లారింగోస్కోపీ (గొంతు లోపల చూసే పరీక్ష) చేయించి స్వరతంత్రి కదులుతోందో లేదో రిపోర్టు తీసుకోండి. బిల్లులు, సెలవు పెట్టిన రోజుల వివరాలు, స్పీచ్ థెరపీ ఖర్చులు ఒక చోట చేర్చి, గడువుకి కనీసం నెల ముందే ఫైల్ చేయించండి.