చికాగోలో జనవరి 20: రికార్డు మైనస్ 27 చూసి కంగారు పడుతున్న కొత్తవాళ్ళకి

స్ప్రింగ్ ఇంటేక్‌లో, అంటే జనవరిలో మొదలయ్యే క్లాసులకి, చికాగో వచ్చే పిల్లలు డిసెంబర్ వచ్చిందంటే ఇదే అడుగుతుంటారు. "అన్నా, మా క్లాసులు మొదలయ్యే వారంలో జనవరి 20కి రికార్డు మైనస్ 27 అని చూపిస్తోంది, అంత చలిలో మనుషులు ఎలా ఉంటారు, మా అమ్మ అది చూసి సీటు వదిలేయమంటోంది" అని. ఈ ఒక్క తేదీ పట్టుకునే చెప్తాను, ఎందుకంటే ఒక రోజు రికార్డుల్ని ఎలా చదవాలో తెలిస్తే చలికాలం మొత్తానికి ఏం కొనాలో, ఏం సర్దుకోవాలో మీకే తెలిసిపోతుంది.

ముందు ఆ మైనస్ 27 సంగతి. అది ఫారెన్‌హీట్, మన లెక్కలో దాదాపు మైనస్ 33 సెల్సియస్. సెల్సియస్ అని విడిగా చెప్పకపోతే ఇక్కడి అంకెలన్నీ ఫారెన్‌హీటే. 1985 జనవరి 20, ఆదివారం, ఓహేర్ ఎయిర్‌పోర్టులో నమోదైంది. అది ఆ తేదీకి మాత్రమే రికార్డు కాదు, 1870ల నుంచి రాసిపెట్టిన చికాగో లెక్కలన్నిట్లోనూ అదే అతి తక్కువ. దానికి ముందున్న రికార్డు 1982 జనవరి 10న మైనస్ 26. అంటే మీరు క్యాలెండర్‌లో చూసిన తేదీ ఈ ఊరి చరిత్రలోనే అన్నిటికన్నా చల్లటి తేదీ అన్నమాట, మీ దురదృష్టం కొద్దీ క్లాసులు కూడా ఆ వారమే. ఆర్కిటిక్ నుంచి దిగిన ఆ గాలి చికాగోతో ఆగలేదు, ఫ్లోరిడాలో నారింజ తోటలు దెబ్బతిన్నాయి, మర్నాడు వాషింగ్టన్‌లో రీగన్ రెండోసారి ప్రమాణ స్వీకారం ఆరుబయట చెయ్యలేక క్యాపిటల్ భవనం లోపల చేయించారు. సరిగ్గా 40 ఏళ్ళ తర్వాత 2025 జనవరి 20న ట్రంప్‌ది కూడా చలి వల్లే లోపలికి మార్చారు.

ఇప్పుడు రికార్డు పక్కనే ఇంకో అంకె ఉంటుంది, నార్మల్ అని, అది ఎవరూ చూడరు. అది 1991 నుంచి 2020 వరకు ముప్పై ఏళ్ళ సగటు. జనవరి మూడో వారానికి చికాగోలో పగలు 31, 32 దాకా పోతుంది, రాత్రి 18, 19కి దిగుతుంది. సెల్సియస్‌లో పగలు సున్నా దగ్గర, తెల్లవారుజామున మైనస్ 7, 8 అన్నమాట. లంబసింగిలో సున్నా దగ్గరికి వస్తేనే మనవాళ్ళు కార్లేసుకుని చూడ్డానికి వెళ్తారు కదా, ఇక్కడ అది మధ్యాహ్నం టెంపరేచర్. కష్టమే, కానీ మంచి జాకెట్ ఉంటే హాయిగా తట్టుకోవచ్చు. మీరు వచ్చిన సంవత్సరం జనవరి 20 ఈ నార్మల్‌కి కాస్త అటూ ఇటూగా ఉండే అవకాశమే చాలా ఎక్కువ.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, నార్మల్ చూసి బట్టలు కొనుక్కోండి, రికార్డు చూసి ఇల్లూ కారూ సిద్ధం చేసుకోండి. మైనస్ 27కి సరిపడా అని ఎవరో చెప్తే అప్పు చేసి ఎక్స్‌పెడిషన్ జాకెట్లు కొనుక్కునే పిల్లల్ని చూశాను, అది అవసరం లేదు, ఆ రోజు వస్తే యూనివర్సిటీయే మూసేస్తుంది. 2019 జనవరి 30నే తీసుకోండి. పొద్దున మైనస్ 23, ఆ తేదీకి కొత్త రికార్డు. స్కూళ్ళు మూసేశారు, పోస్టు కూడా రాలేదు, రైళ్ళు నడవడానికి మెట్రా (శివారు రైళ్ళ సంస్థ) వాళ్ళు పట్టాల స్విచ్‌ల దగ్గర గ్యాస్ మంటలు పెట్టారు.

ఆ రోజు నాకు ఎక్కువ భయం వేసింది మైనస్ 23 చూసి కాదు. పగలంతా ఎండ కాసినా మైనస్ 10 దాటి పైకి రాలేదు. రికార్డుల పట్టికలో దీనికి వేరే గడి ఉంటుంది, ఆ తేదీన పగటి గరిష్ఠం ఎంత తక్కువగా ఉందీ అని. చికాగోలో అన్నిటికన్నా ఘోరం మైనస్ 11, 1983 డిసెంబర్ 24న ఒకసారి, 1994 జనవరి 18న ఒకసారి. నన్నడిగితే కొత్తవాళ్ళు చూడాల్సింది ఈ గడినే. రాత్రి ఎంత దిగినా మీరు దుప్పట్లో ఉంటారు, కానీ పగలు కూడా సున్నా ఫారెన్‌హీట్ దాటకపోతే గోడలు, పైపులు, కార్ బ్యాటరీ దేనికీ ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు, పైపులు పగిలేది అలాంటప్పుడే.

ఇంకో సంగతి, ఒక్క జనవరిలోనే ఈ ఊరు ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. 1950 జనవరి 25న 67 డిగ్రీలు, మన విజయవాడ డిసెంబర్ తెల్లవారుజాము లాంటి వాతావరణం. 1967 జనవరి 24న 65, జనం కోట్లు విప్పేసి తిరిగారు, రెండ్రోజులకి 26, 27 తేదీల్లో 23 అంగుళాల స్నో పడింది, ఒక తుఫానులో పడిన స్నోలో ఇప్పటికీ అదే చికాగో రికార్డు. కాబట్టి నిన్న ఎలా ఉందో చూసి ఈరోజు బట్టలు వేసుకోకండి, రాత్రి పడుకునే ముందు ఫోర్‌కాస్ట్ చూడటం అలవాటు చేసుకోండి. స్నో ఎక్కువ పడే రోజు, చలి ఎక్కువగా ఉండే రోజు సాధారణంగా వేరువేరుగా వస్తాయి. పెద్ద స్నో సాధారణంగా టెంపరేచర్ 20లు, 30ల్లో ఉన్నప్పుడు పడుతుంది, రికార్డు చలి మాత్రం ఆ స్నో పడ్డాక ఆకాశం తేటగా, ఎండ ధగధగలాడుతూ ఉన్న రోజుల్లో వస్తుంది. కిటికీలోంచి ఎండ చూసి చెప్పులతో చెత్త పడేయడానికి బయటికి వెళ్ళకండి.

ఇక విండ్ చిల్, అంటే గాలి వల్ల ఒంటికి తగిలే చలి లెక్క. 2019లో ఆ రోజు గాలితో కలిపి మైనస్ 50 దాటింది. మైనస్ 50 దగ్గర బయట పెట్టిన చర్మానికి 5 నిమిషాల్లో ఫ్రాస్ట్‌బైట్ (చర్మం గడ్డకట్టి దెబ్బతినడం) రావచ్చు, మైనస్ 20 దగ్గరయితే అరగంట. ఈ లెక్క ఒంటికే, కారుకీ పైపులకీ కాదు, అవి అసలు టెంపరేచర్ కంటే కిందకి పోవు, గాలికి తొందరగా చల్లబడతాయి అంతే. ఈ ఫార్ములా 2001లో మార్చారు, అంతకు ముందు లెక్కలో అంకెలు ఇంకా పెద్దవిగా వచ్చేవి కాబట్టి 1980ల పేపర్ హెడ్డింగులతో ఇప్పటివి పోల్చకండి. హెచ్చరికల పేర్లు కూడా 2024లో మారాయి, ఫోన్‌లో ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్ అని వస్తే అదే పాత విండ్ చిల్ వార్నింగ్, ఆ రోజు బస్‌స్టాప్‌లో ఒంటరిగా ఎక్కువసేపు నిలబడొద్దు. జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఏడుంపావు ప్రాంతంలో, సరిగ్గా అప్పుడే చలి అన్నిటికన్నా ఎక్కువ, మీరు ఎనిమిది గంటల క్లాసుకి బయల్దేరేది కూడా అప్పుడే. ఎల్ (సిటీ మెట్రో రైలు) స్టేషన్లలో బటన్ నొక్కితే వెలిగే హీటర్లు ఉంటాయి, మొహమాటపడకుండా వాటి కిందకి వెళ్ళి నిలబడండి.

ఆ అంకెలు ఎక్కడ కొలిచారన్నది కూడా ముఖ్యం. 1980 నుంచి అధికారిక కొలత ఓహేర్‌లో, దానికి ముందు చాలా ఏళ్ళు మిడ్‌వే ఎయిర్‌పోర్టులో. లేక్ పక్కన డౌన్‌టౌన్‌లో రాత్రిళ్ళు ఓహేర్ కంటే కొంచెం నయంగా ఉంటుంది, మనవాళ్ళు ఎక్కువగా ఉండే నేపర్‌విల్, అరోరా వైపు తేట రాత్రుల్లో ఇంకా దిగుతుంది. కాబట్టి మీరు ఉండే ఊరి పిన్‌కోడ్ కొట్టి చూసుకోండి.

బట్టలకి ఎక్కువ చెప్పను. లోపల థర్మల్స్, కాటన్ వద్దు, చెమట పడితే తడి ఆరక ఇంకా చలేస్తుంది. మోకాళ్ళ దాకా వచ్చే డౌన్ (పక్షి ఈకలు నింపిన) జాకెట్ ఇక్కడికొచ్చాకే కొనండి. వేళ్ళన్నీ కలిసి ఉండే మిటెన్స్ గ్లవ్స్ కంటే వెచ్చగా ఉంటాయి. అమ్మమ్మ ఇచ్చిన మంకీ క్యాప్ తప్పకుండా తెచ్చుకోండి, చెవులూ గడ్డం అంత బాగా కప్పేది ఇక్కడ డబ్బులు పోసి కొన్నా అదే రకం.

కారు ఉంటే చలికాలానికి ముందే బ్యాటరీ చెక్ చేయించండి, గ్యాస్ (ఇక్కడ పెట్రోల్‌ని అలాగే అంటారు) సగానికి తగ్గనివ్వకండి, వాషర్ లిక్విడ్ మైనస్ 20కి పనికొచ్చేదే పోయించండి. గరాజ్ తలుపు తీసి ఉన్నా సరే లోపల ఇంజన్ ఆన్ చేసి వేడెక్కించొద్దు, కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనపడదు, వాసన రాదు, ప్రాణం తీస్తుంది. ఇల్లు వెచ్చబడాలని గ్యాస్ ఓవెన్ వెలిగించడం కూడా ఇంతే ప్రమాదం, నలుగురైదుగురు కుర్రాళ్ళు కలిసి ఉండే అపార్ట్‌మెంట్లలో ఇది జరుగుతూ ఉంటుంది కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ పనిచేస్తుందో లేదో దిగిన రోజే టెస్ట్ బటన్ నొక్కి చూడండి. సిటీలో వీధి పక్కన పార్క్ చేస్తే బోర్డు చదవండి, కొన్ని పెద్ద రోడ్ల మీద డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా తెల్లవారుజామున 3 నుంచి 7 వరకు, స్నో పడకపోయినా, కారు ఉంటే తీసుకెళ్ళిపోతారు.

సున్నా ఫారెన్‌హీట్ కిందకి దిగే రాత్రి బయట గోడకి ఆనుకుని ఉన్న సింక్ కుళాయి సన్నగా కారనివ్వండి, కింద క్యాబినెట్ తలుపులు తెరిచి ఉంచండి. హీట్ రాకపోతే స్వెటర్లు వేసుకుని సర్దుకుపోవద్దు. చికాగో సిటీ రూల్ ప్రకారం సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 వరకు, హీట్ ఓనర్ చేతిలో ఉన్న అద్దె ఇళ్ళలో పొద్దున 8:30 నుంచి రాత్రి 10:30 దాకా కనీసం 68, మిగతా టైమ్‌లో 66 ఉండి తీరాలి. ముందు ఓనర్‌కి రాతపూర్వకంగా మెసేజ్ పెట్టండి, థర్మామీటర్ ఫోటో తీసి ఉంచుకోండి, అప్పటికీ బాగుచెయ్యకపోతే సిటీ వాళ్ళ నంబర్ 311కి ఫోన్ చెయ్యండి, కంప్లైంట్ తీసుకుని ఇన్‌స్పెక్టర్‌ని పంపుతారు. వీసా మీద ఉన్నాం కదా, గొడవెందుకని చాలామంది ఊరుకుంటారు, ఈ కంప్లైంట్‌కీ వీసాకీ ఏ సంబంధమూ లేదు.

అమ్మానాన్నలకి టెంపరేచర్ చెప్పేటప్పుడు సెల్సియస్‌లోకి మార్చి, నార్మల్ అంకె చెప్పండి. మీ ఇంట్లో హీటర్ పక్కన కూర్చుని వీడియో కాల్ చేసి, లోపల 68 అంటే 20 డిగ్రీలు, మన ఇంట్లో ఏసీ కంటే కొంచెం తక్కువ అంతే అని చూపించండి.