కొబ్బరికాయ నిలబడ్డ చోట బోరు వేయాలా?

ప్రశ్న: మాకు నాలుగు ఎకరాల బత్తాయి తోట ఉంది, ఎనిమిదేండ్ల చెట్లు. రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది, రెండోది అరగంట పోసి ఆగుతోంది. నీళ్లు చూసే ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని తోటంతా తిరిగాడు. ఈశాన్యం మూల కాయ నిలబడింది. 450 అడుగుల్లో రెండున్నర ఇంచుల నీళ్లున్నాయన్నాడు. పక్క చేనులో ఆయన చూపిన పాయింట్‌లోనే నీళ్లు పడ్డాయి. పుస్తెలతాడు కుదువ పెట్టి బోరు వేద్దామనుకుంటున్నాం. వేయమంటారా సార్?
– ఒక రైతు, మర్రిగూడ మండలం, నల్గొండ జిల్లా

జవాబు: కాయను నమ్మి వేయొద్దు. పుస్తెలతాడు ఇంట్లోనే ఉండనివ్వండి.

కాయ నిలబడిన మాట నిజమే. నా చేతిలోనూ నిలబడింది. అప్పుడు నేను మా ఆఫీసు మేడ మీదున్నాను, కింద ఉన్నది జీపు షెడ్డు! పీచు తీసిన కాయను అరచేతిలో పొడవుగా పెట్టుకొని నడిస్తే అది ఎటైనా ఒరగడానికి సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ నీళ్లుండొచ్చు అని మనసుకు తోచగానే మణికట్టు మనకు తెలియకుండానే రవ్వంత బిగుస్తుంది, కాయ లేస్తుంది. కాబట్టి ఆయన్ని మోసగాడనలేను, ఆయనా నమ్మే తిరుగుతుండొచ్చు. ఓ పాజిటివ్ రక్తం వాళ్లకే లేస్తుందంటారు కదా, నాది బి పాజిటివ్.

జర్మనీలో మ్యూనిచ్ దగ్గర 1987-88లో ఇలా నడుస్తూ నీళ్లు కనిపెట్టే విద్యను పరీక్షించారు. రెండంతస్తుల కొట్టంలో కింద నీటి పైపును బండి మీద అటూఇటూ జరిపి, పైన నిలబడ్డవాళ్లను ఎక్కడుందో చెప్పమన్నారు. 43 మంది, 843 సార్లు. పరీక్ష చేసినవాళ్లు కొందరికి ఆ విద్య ఉందన్నారు గానీ, 1999లో ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త ఆ లెక్కలే తిరగేస్తే గుడ్డిగా చెప్పినదానికి, దీనికి తేడా కనబడలేదు.

మరి పక్క చేనులో ఎలా పడ్డాయి? మన దగ్గర కింద గ్రానైట్. పైన మెత్తబడ్డ రాయి, దాని కింద గట్టి బండ, బండలో పగుళ్లు. నీళ్లుండేది ఆ మెత్త పొరలో, పగుళ్లలో. మెత్త పొర లోతుగా ఉన్న చేనులో ఏ మూల వేసినా అంతో ఇంతో పడతాయి. ఆయన చూపినవాటిలో ఎన్ని ఫెయిలయ్యాయో అడిగారా? ఫెయిలైన బోరు మీద రాయి పెట్టి మర్చిపోతాం, పడ్డ బోరు సంగతి పెళ్లి బంతిలో కూడా చెప్పుకుంటాం.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఆయన్నే మళ్లీ పిలవండి. కళ్లకు తువ్వాల కట్టి, చేయి పట్టుకొని, అదే మూల మీదుగా వేర్వేరు దారుల్లో ఐదుసార్లు నడిపించండి. కాయ లేచిన ప్రతిచోటా సున్నం చుక్క పెట్టండి. చుక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో ఇంటామెను కూడా చూడమనండి, పుస్తెలతాడు ఆమెది.

బోరు తప్పదనుకుంటే భూగర్భ జల శాఖవాళ్లతో సర్వే చేయించండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఎలాగూ కావాలి. ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి మెత్త పొర ఎంత లోతుందో అంచనా కడతారు. అదీ గ్యారంటీ కాదు, వాళ్లూ గ్యారంటీ అనరు. నీళ్లు పడితే ఫ్లోరైడ్ పరీక్ష చేయించకుండా తాగొద్దు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ముందు చెట్లను బతికించుకోవాలి. ఉన్న బోరును మధ్యమధ్య ఆపుతూ నడిపి తొట్టిలో పట్టి, సాయంత్రం డ్రిప్పుతో వదలండి. నీళ్లు చెట్టు మొదలు దగ్గర కాదు, మధ్యాహ్నం నీడ అంచు పడే చోట పడాలి. పాదుల్లో వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ నాలుగు అంగుళాల మందాన పరచండి, మొదలుకు జానెడు ఎడం ఉంచి. ఎండు కొమ్మలు, నీటి కొమ్మలు (కాపు లేకుండా నిటారుగా పెరిగేవి) తీసేసి కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 ఎరువు (పొటాషియం నైట్రేట్) కలిపి ఆకులు తడిసేలా చల్లండి. పిందెలు రాల్చేయండి. ఈ కాపు పోతుంది, తెలుసు. ట్యాంకరు కొనాల్సివస్తే బాగున్న చెట్లకే పోయండి.

ఎండిన బోరును పూడ్చకండి. వానలకు ముందే దాని చుట్టూ గుంత తీసి రాళ్లు, కంకర, పైన ఇసుక నింపితే వాన నీరు దిగుతుంది. అప్పటిదాకా గొట్టానికి గట్టి మూత బిగించండి, తోటలో పిల్లలు తిరుగుతుంటారు.