అమ్మకి షుగర్. రోజూ బీచ్‌లో నడిస్తే నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది. నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. మందులు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.

మీరూ నడవండి. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో షుగర్ అంచున ఉన్నవాళ్లు వారానికి 150 నిమిషాల వ్యాయామం, తిండిలో మార్పులతో జబ్బు వచ్చే ముప్పుని 58 శాతం తగ్గించుకున్నారు; మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గింది 31 శాతమే. వాళ్లకి సలహా చెప్పి వదిలేయలేదు, ఒక్కొక్కరినీ కోచ్‌లు వెంటపడి నడిపించారు. అసలు కిటుకు అక్కడే ఉందని నా నమ్మకం. అందుకే మొదటి నెల అమ్మతో మీరే వెళ్లండి. విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా చాలు.

ఇసుకలో ఉత్తకాళ్లతో మాత్రం వద్దు. పాదాల్లో స్పర్శ తగ్గితే గవ్వ పెంకు కోసుకున్నా తెలియదు. ఇంటికొచ్చాక అరికాళ్లు చూడండి. ఇన్సులిన్ వేసుకుంటుంటే, నడకలో షుగర్ మరీ పడిపోతే నోట్లో వేసుకోవడానికి చిన్న పొట్లంలో పంచదార వెంట ఉంచండి.