ఎన్నికల ఇంగ్లీషులో ఏ మాటకు ఏ మాట జత?

సర్వేల గురించి, ఓటింగ్ గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఏ మాట పక్కన ఏ మాట నప్పుతుంది, మన ఇంగ్లీషు పత్రికలలో కనిపించే ప్రయోగాలను ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షలలో రాయవచ్చా అని అడిగారు. ఒక తెలుగు దినపత్రిక డెస్కులో వార్తా సంస్థల ఇంగ్లీషు కాపీని తెలుగు చేసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి, అక్కడ రోజూ ఎదురైనవే చెబుతాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది ‘పోల్’ అనే మాట. ‘ఎ పోల్’ అంటే సాధారణంగా సర్వే. ‘ద పోల్స్’ మాత్రం సర్వేలూ కావచ్చు, ఎన్నికలూ కావచ్చు. ‘గో టు ద పోల్స్’ అంటే ఓటు వేయడానికి వెళ్లడం, ‘ఎహెడ్ ఇన్ ద పోల్స్’ అంటే సర్వేలలో ముందుండడం. డెస్కులో కొత్తగా చేరినవారు ‘లేబర్ లీడ్స్ ఇన్ ద పోల్స్’ అన్న వాక్యాన్ని ‘ఎన్నికల్లో లేబర్ పార్టీకి ఆధిక్యం’ అని రాసి తెచ్చేవారు. అప్పటికి బ్రిటన్‌లో ఓటింగుకు ఇంకా నెల రోజులు ఉండేది.

సర్వేను జరిపే సంస్థ ‘కండక్ట్’ లేదా ‘క్యారీ అవుట్’ చేస్తుంది, డబ్బు ఇచ్చి చేయించుకునే పత్రికో పార్టీయో ‘కమిషన్’ చేస్తుంది. సర్వే ఫలితానికి ‘సజెస్ట్స్’, ‘ఇండికేట్స్’ అనే క్రియలు వాడాలి గాని ‘ప్రూవ్స్’ అనకూడదు. పరీక్షలో గ్రాఫును వర్ణించేవారు ఎక్కువగా తడబడేది అంకెల దగ్గర. ఒక పార్టీ మద్దతు 40 శాతం నుంచి 44 శాతానికి చేరితే అది ‘ఫోర్ పాయింట్స్’ పెరిగినట్లు. ‘ఫోర్ పర్సెంట్’ అంటే లెక్క తప్పినట్లే, ఎందుకంటే 40 మీద 4 అంటే పది శాతం పెరుగుదల. అందుకే ‘ఎ ఫోర్ పాయింట్ లీడ్’ అంటారు, ఆ లీడ్ ‘నారోస్’ లేదా ‘వైడెన్స్’ అంటారు. దాదాపు 1,000 మందిని యాదృచ్ఛికంగా ఎంచుకుని చేసిన సర్వేలో ‘మార్జిన్ ఆఫ్ ఎర్రర్’, అంటే అంకె తప్పే అవకాశమున్న మేర, అటూ ఇటూ సుమారు 3 పాయింట్లు ఉంటుంది. అది ఒక్కొక్క పార్టీ అంకెకు విడివిడిగా వర్తిస్తుంది కనుక, రెండు పార్టీల మధ్య తేడా మీద అనిశ్చితి ఇంకా ఎక్కువ. ఆ తేడా అనిశ్చితి పరిధిలోనే ఉన్నప్పుడు ‘నెక్ అండ్ నెక్’, ‘టూ క్లోజ్ టు కాల్’ అని రాస్తారు. 2015 బ్రిటన్ ఎన్నికలకు ముందు ఈ రెండు మాటలూ లేని కాపీ మా డెస్కుకు దాదాపు రాలేదు. తీరా కన్సర్వేటివ్ పార్టీ సొంత మెజారిటీతో గెలిచింది.

‘ఒపీనియన్ పోల్’ ఓటింగుకు ముందుది, ‘ఎగ్జిట్ పోల్’ ఓటు వేసి బయటికి వచ్చినవారిని అడిగేది. మన దేశంలో చివరి విడత పోలింగ్ ముగిసి అరగంట గడిచేదాకా రెండవదానిని ప్రచురించకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఏ సెక్షన్ చెబుతుంది. సీట్ల అంచనాలకు నప్పే క్రియ ‘ప్రొజెక్ట్’. 2024 లోక్‌సభ ఎన్నికలలో చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్‌డీఏకు 350కి పైగా ‘ప్రొజెక్ట్’ చేయగా, వచ్చినవి 293.

ఓటు వేయడానికి ‘కాస్ట్ ఎ వోట్’ అనాలి. మన ‘వేయడం’ అలవాటు కొద్దీ ‘పుట్ ఎ వోట్’ అని రాసేవారు చాలామంది ఉన్నారు. అభ్యర్థికైతే ‘వోట్ ఫర్’, బిల్లు మీదైతే ‘వోట్ ఆన్’. చెల్లని ఓటు ‘స్పాయిల్ట్ బ్యాలట్’. మన దేశంలో చెల్లిన ఓట్లలో ఆరవ వంతుకు మించి రాని అభ్యర్థి ‘ఫర్‌ఫీట్స్ ద డిపాజిట్’, మన భాషలో డిపాజిట్ గల్లంతు.

ఇక మీ రెండవ ప్రశ్న. మన ఇంగ్లీషు పత్రికలలో ‘హెవీ పోలింగ్’, ‘పోలింగ్ పర్సెంటేజ్’ నిత్యం కనిపిస్తాయి. అవి ఇక్కడ తప్పు కావు, కానీ బయటి పాఠకుడికి ‘హై టర్నవుట్’, ‘రికార్డ్ టర్నవుట్’ అంటేనే సూటిగా అర్థమవుతుంది. ‘ఎక్సర్‌సైజ్డ్ దెయిర్ ఫ్రాంచైజ్’ అనేది మన ఫొటోల కింద రాసే ‘ఓటు హక్కు వినియోగించుకున్నారు’కు తోబుట్టువు, నా మటుకు ‘వోటెడ్’ చాలు. ‘మెజారిటీ’ని మాత్రం దేశాన్ని బట్టి వాడండి. అయిదు వేల ఓట్ల తేడాతో గెలిస్తే ఇక్కడా బ్రిటన్‌లోనూ ‘మెజారిటీ ఆఫ్ ఫైవ్ థౌజండ్’ అంటారు. అమెరికాలో ఆ తేడా ‘మార్జిన్’ అవుతుంది, సగానికి మించి ఓట్లు వస్తేనే ‘మెజారిటీ’, సగం దాటకుండా అందరికన్నా ఎక్కువ వస్తే ‘ప్లూరాలిటీ’.