మొదటి పుస్తకం ఏది? మా వీధి చేబదుళ్ల సంగతి

సామాజిక శాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నానని, గణితం పదో తరగతితోనే ఆగిపోయిందని, సోషల్ నెట్‌వర్క్ అనాలిసిస్‌కు, అంటే ఎవరికి ఎవరితో సంబంధం ఉందో చుక్కలు, గీతలతో పరిశీలించే పద్ధతికి, మొదటి పాఠ్యపుస్తకంగా దేనిని ఎంచుకోవాలని అడిగారు. రాబర్ట్ హానెమన్, మార్క్ రిడిల్ 2005లో వెలువరించిన ‘ఇంట్రడక్షన్ టు సోషల్ నెట్‌వర్క్ మెథడ్స్’ తీసుకోండి. అది అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. దాని తరువాత జాన్ స్కాట్ పుస్తకం చదవవచ్చు. వాసర్‌మన్, ఫౌస్ట్‌లు 1994లో ప్రచురించిన ఎనిమిది వందల పైచిలుకు పేజీల గ్రంథం జోలికి మాత్రం మొదటి ఏడాది వెళ్లవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేను సరిగ్గా దానితోనే మొదలుపెట్టడం. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలోని మా ఇంట్లో మూడు నెలలపాటు ఆ గ్రంథంలోని గుర్తులను, మాత్రికలనే అంకెల పట్టికలను నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటూ కూర్చున్నాను. సమాచారాన్ని ఎలా సేకరించాలో చెప్పే అధ్యాయం అందులో ముందే ఉన్నా, లెక్కలు రాని భయంతో లెక్కల మీదనే పడి, ఆ పేజీలను తిప్పేశాను.

ఆ తెలివితోనే మా వీధిలోని ఇరవై మూడు ఇళ్ల జాబితా రాసుకుని, ‘చేబదులు కావలసి వస్తే ఎవరి దగ్గరకు వెళతారు?’ అని గడప గడపకూ తిరిగి అడిగి, చార్టు కాగితం మీద ఇంటికొక చుక్క పెట్టి బాణాలు గీశాను. బాణాలు చాలావరకు మేడ ఇంటి వైపే వెళ్లాయి. కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టే అత్త చుక్క మాత్రం ఒక మూల ఒంటరిగా మిగిలింది. ఆమె నా జాబితాలోని ఎవరి పేరూ చెప్పలేదు, ఆమె పేరును కూడా ఎవరూ చెప్పలేదు. పాపం, దిక్కులేనిదని నివేదికలో రాసుకున్నాను కూడా.

మా అమ్మ బియ్యం ఏరుతూ ఆ కాగితం చూసి, ‘దానికి ఎవరూ లేకపోవడమేమిట్రా, పాతపట్నంలో అన్న లేడా? నెల మొదట్లో ఆటో ఎక్కి వెళ్లి తెచ్చుకుంటుంది. ఈ వీధిలో ఇద్దరు దాని దగ్గరే తీసుకుంటారు, నీతో ఎందుకు చెబుతారు?’ అంది. ఆ ఇద్దరూ నాతో పరువు కోసం మేడ ఇంటి పేరు చెప్పారు. పాతపట్నం ఆంధ్రలో ఉంది, నా జాబితా మా వీధి మలుపు దగ్గరే ఆగిపోయింది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది గాని, మా పెళ్లిళ్లు, అప్పులు ఇప్పటికీ అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. అన్నగారి చుక్కను చేర్చి, ఆ రెండు బాణాలను సరిదిద్దిన తరువాత చూస్తే, పాతపట్నం డబ్బు మా వీధిలోకి వచ్చే దారి ఆ కుట్టుమిషను మీదుగానే ఉంది.

అందువల్ల పుస్తకం కొనే ముందు, అది ఎవరిని లోపలికి తీసుకోవాలి, ఎక్కడ గీత గీయాలి అన్న ప్రశ్నను ఎంత తొందరగా ఎత్తుకుంటుందో చూడండి. హానెమన్, రిడిల్ దానిని మొదటి అధ్యాయంలోనే ఎత్తుకున్నారు. చాలా పుస్తకాలు 1977లో జాకరీ అనే పరిశోధకుడు ప్రకటించిన, ఒక అమెరికా కరాటే క్లబ్బులోని ముప్పై నలుగురు సభ్యుల సంబంధాల పటాన్నే ఉదాహరణగా పట్టుకుని తిరుగుతాయి. క్లబ్బుకు సభ్యత్వం ఉంటుంది కాబట్టి అక్కడ ఈ చిక్కు కనబడదు. సరిహద్దు ఊళ్లలో బతికే మనకు మొదటి రోజే ఎదురవుతుంది.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరివాడినై ఉండి, ఈ విషయం మీద తెలుగులో ఒక్క పాఠ్యపుస్తకాన్నీ నేను చూడలేదన్న బాధ నాకు ఉంది. రంగురంగుల బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్‌ను ముందుగా దించుకునే విద్యార్థులను చూస్తే కోపమూ వస్తుంది. హానెమన్, రిడిల్ పుస్తకం యూసీఐనెట్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆధారం చేసుకుని నడుస్తుంది గాని, మీరు దానిని ఇప్పుడే తెరవనక్కరలేదు. మొదటి అధ్యాయం చదివి, మీ వీధిలో పది ఇళ్లకు పెన్సిలుతో చుక్కలు పెట్టి, ఆ కాగితాన్ని ఒకసారి మీ అమ్మగారికి చూపించండి.