పంపు పరిగెడుతుందా?

సందేహం: గాజువాక దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. భద్రతా సూచనల్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేసే పని నాకు అప్పగించారు. పాత బోర్డు మీద ‘పంపు ఎండగా పరిగెత్తరాదు’ అని ఉంది. చదివినవాళ్లంతా నవ్వుతున్నారు. ‘రన్’కి తెలుగులో సరైన మాట ఏది? ‘రన్ చేయరాదు’ అని రాసేస్తే తప్పా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: నవ్వక ఏం చేస్తారు! ‘రన్’కి సరైన మాట ఒక్కటే ఉంటుందనుకోవడం దగ్గరే చిక్కు వచ్చింది. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో అన్నిటికన్నా ఎక్కువ చోటు ‘సెట్’ అనే మాటకి దక్కింది. తర్వాతి సవరణల్లో ‘రన్’ దాన్ని మించిపోయింది. క్రియగానే దానికి 645 అర్థాలు తేల్చారు. వాటిలో కాళ్లతో చేసే పరుగు ఒకటి, అంతే.

ఇంగ్లీషువాళ్ల ముక్కు ‘రన్’ అవుతుంది, మనకి కారుతుంది. బట్టకి రంగు దిగుతుంది. బీచ్ రోడ్డు సముద్రాన్ని ఆనుకుని భీమిలి దాకా పోతుంది. దారిలో పాత స్నేహితుడు తగులుతాడు. వీటన్నిటికీ ఇంగ్లీషులో ‘రన్’ ఒక్కటే. ఎన్నికల సంగతి మరీ తమాషా: అమెరికాలో అభ్యర్థి పరిగెడతాడు, బ్రిటన్‌లో నిలబడతాడు. మనవాళ్లూ నిలబడేవాళ్లే.

యంత్రాల విషయానికొస్తే మనకి ‘ఆడు’ అనే గట్టి క్రియ ఉంది. అనకాపల్లి వైపు బెల్లం వండే రైతు గానుగ ఆడిస్తాడు. రైసుమిల్లు ఆడుతుంది. జగదాంబ సెంటర్లో సినిమా ఆడుతుంది. ఊపిరి ఆడుతుంది, చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, కంగారులో కాలూ చెయ్యీ ఆడవు. ఇంగ్లీషు ‘రన్’తో పోటీకి దింపదగ్గ మాట ఇదే అని నాకనిపిస్తుంది. ‘నడుచు’ దాని తర్వాతే. ఫ్యాను మాత్రం తిరుగుతుంది, దాన్ని ఆడించకండి.

సరుకు అయిపోవడానికి కూడా ఇంగ్లీషులో ‘రన్ ఔట్’ అంటారు కదా. ఇంట్లో బియ్యం లేవనడం అశుభమని మన ఆడవాళ్లు ‘బియ్యం నిండుకున్నాయి’ అంటారు. ఖాళీ డబ్బాని నిండింది అనడం! పరాయి భాషవాడికి ఇది వివరించాలంటే మనకే టెన్షన్. స్టోర్ రూమ్ బోర్డు మీద మాత్రం ‘సరుకు అయిపోయింది’ అనే రాయండి. ‘నిండుకుంది’ అని రాస్తే ఈ కాలం కుర్రాళ్లు స్టాకు నిండుగా ఉందనుకునే ప్రమాదం ఉంది.

‘రన్ చేయరాదు’ తప్పేం కాదు, షిఫ్టులో అందరూ అనేదే. క్రికెట్‌లో రన్ ఔట్‌ని ఎవరూ తెలుగు చేయక్కర్లేదు కూడా. అయితే మీ బోర్డు విషయంలో అసలు లోపం ఇంగ్లీషు ‘డ్రై’కి పెట్టిన ‘ఎండగా’ దగ్గర ఉంది. లోపల నీళ్లు లేవన్న సంగతి అందులో ఎక్కడా తెలియడం లేదు. ‘నీళ్లు లేకుండా పంపు నడపరాదు’ అని రాయించండి.