పీహెచ్‌డీకి ముందు ఒక సంవత్సరం

అంబాజీపేట

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయిపోయింది కనుక వెంటనే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయాలా, లేక రావులపాలెంలో ఏదో ఒక ప్రైవేటు కళాశాలలో లెక్చరర్‌గా చేరి ఇంటికి ఆసరా కావాలా అని అడిగావు. కొబ్బరి దింపు పనికి వెళ్లే మీ నాన్న ఇంకెన్నాళ్లు చెట్టెక్కగలడన్న దిగులు ఆ ప్రశ్న వెనుక ఉందని నాకు తెలుసు. అయినా ఆ రెండింటిలో ఏదీ ఇప్పుడే వద్దంటాను. ముందు ఒక సంవత్సరం మంచి పరిశోధనశాలలో ప్రాజెక్టు ఉద్యోగిగా జీతానికి పనిచెయ్యి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు ఆ తర్వాత వెళ్లు.

ఎందుకంటావా? మన డెల్టా కళాశాలల్లో ప్రాక్టికల్ అంటే ఒకరు చేసి చూపడం, ముప్పై మంది చుట్టూ నిలబడి చూసి రికార్డులో బొమ్మలు వేయడం. నేనూ అలాగే ఫస్టుక్లాసు తెచ్చుకుని ఒక పెద్ద సంస్థలో చేరాను. చుక్క కంటే తక్కువ ద్రవాన్ని కూడా కొలిచి వేసే మైక్రోపిపెట్ మీటకు రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టు వరకే నొక్కి ద్రవాన్ని పీల్చుకోవాలి, వదిలేటప్పుడు రెండో మెట్టు దాకా నొక్కాలి. నేను పీల్చేటప్పుడే రెండో మెట్టు దాకా నొక్కేవాణ్ణి. కొలత ప్రతిసారీ ఎక్కువయ్యేది. పక్కవాణ్ణి అడగడానికి నామోషీపడి మూడు వారాల పని బూడిదలో పోశాను. నీకు ఆ అవస్థ వద్దు. మీ విభాగంలో మంచి త్రాసు ఉంటే దాని మీద చిన్న గిన్నె పెట్టి, 100 మైక్రోలీటర్ల చొప్పున నీరు పదిసార్లు వేసి చూడు. ప్రతిసారీ సుమారు 100 మిల్లీగ్రాములు పెరగాలి. పది అంకెలూ దగ్గరదగ్గరగా వచ్చేదాకా ఆ పని మానవద్దు.

డిగ్రీకీ డాక్టరేటుకూ మధ్య ఇలాంటి సంవత్సరం ఉండాలన్నది నా సొంత ఆలోచన కాదు. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ సంస్థ 'ప్రెప్' అనే పథకాన్ని చాలా ఏళ్లు నడిపింది. పరిశోధన రంగంలో తక్కువగా కనిపించే వర్గాల పట్టభద్రులకు భృతి ఇచ్చి, ల్యాబులో నిజమైన పని అప్పగించి, దానితోపాటు పాఠాలూ దరఖాస్తు మెళకువలూ నేర్పించేవారు. అది ఆ దేశపు పిల్లలకు ఉద్దేశించినది. నువ్వు ఆ ఏర్పాటును ఇక్కడ నీ చేతులతో నువ్వే కట్టుకోవాలి. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఇంకా జాతీయ పోషకాహార సంస్థ, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వాటి వెబ్‌సైట్లలో ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలు వస్తుంటాయి. కొన్నిటికి నెట్ అనే జాతీయ పరీక్షలో అర్హత అడుగుతారు, కొన్నిటికి అడగరు. భృతి ఆలస్యంగా రావడం మామూలే కాబట్టి మూడు నెలల హాస్టలు ఖర్చు చేతిలో ఉంచుకునే రైలెక్కు.

ఆ సంవత్సరం నెట్ చదువుకు అడ్డమని నీ స్నేహితులు అంటారు. సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పేపరులో 200 మార్కులకు 100 'సి' భాగానివే. ఒక ప్రయోగ ఫలితాన్ని ముందుంచి దీని అర్థమేమిటని అడిగే ప్రశ్నలు అందులో చాలా ఉంటాయి. డీఎన్ఏ ముక్కలను వేరుచేసే జెల్ స్వయంగా నడిపి, దానిమీద కనబడాల్సిన గీత, అంటే బ్యాండు, రాకపోతే ఎందుకు రాలేదని తల పట్టుకున్నవాళ్లకు ఆ ప్రశ్నలు కొత్తగా అనిపించవు. ఆ పరీక్ష ద్వారా ఇచ్చే పరిశోధన భృతి జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత సీనియర్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్)గా 42,000 రూపాయలు, వాటిపై ఇంటి అద్దె భత్యం ఉంటాయి. ఎస్సీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ వేరే ఉంది. నీ కుల ధ్రువీకరణ పత్రాన్ని, మార్కుల జాబితాలను ఇప్పుడే సరిచూసి పెట్టుకో. పేరులో ఒక అక్షరం తేడాకు ఎమ్మార్వో కార్యాలయం చుట్టూ తిరిగిన వాళ్లను చాలామందిని చూశాను.

ఇక దేని మీద పరిశోధన చేస్తావన్న విషయం. ఇంటర్వ్యూలో 'క్యాన్సర్ మీద' అని చెప్పేవాళ్లు బోలెడుమంది ఉంటారు. నువ్వు చూసినదాని నుంచి మొదలుపెట్టు. నా చిన్నతనంలో రాత్రి పది దాటాక ఫైలేరియావాళ్లు వచ్చి, నిద్రలో ఉన్న మమ్మల్ని లేపి, వేలికి సూది గుచ్చి గాజు పలక మీద రక్తం తీసుకునేవారు. పగలెందుకు రారని అడిగితే మా అమ్మ కసిరింది. బోదకాలు పురుగు పిల్లలు రాత్రివేళే ఒంటి రక్తంలోకి ఎక్కువగా వస్తాయని, క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళలోనేనని నాకు పాతికేళ్లు వచ్చాక గాని తెలియలేదు. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర వెనుక ఉన్నవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన విగ్రహాలకు దండలు వేయడం కంటే ఆయన పేపరు చదవడం మేలు. తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ప్రచురించిన, రంగును బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇప్పుడు ఉచితంగానే దొరుకుతుంది. ముందు పట్టికలు చూడు, ఏ కొలతను దేనితో పోల్చారో రాసుకో, ఆ తర్వాతే వివరణ చదువు. చదివినదాన్ని మీ అమ్మకు అర్థమయ్యేలా తెలుగులో, ఆ తర్వాత అద్దం ముందు ఇంగ్లీషులో చెప్పు. ఇంటరు దాకా తెలుగు మీడియంలో చదివానన్న బెరుకు తగ్గడానికి నాకు తెలిసిన మందు ఇదొక్కటే. ఇంటర్వ్యూలో తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, తెలుసుకోవడానికి ఏ ప్రయోగం చేస్తావో చెప్పు. ఆ రెండో మాట కోసమే వాళ్లు చాలాసార్లు ఎదురుచూస్తారు.

గైడును ఎంచుకోవడంలో మాత్రం తొందరపడవద్దు. పెద్ద పేరు చూసి చేరి ఏడేళ్లు మగ్గినవాళ్లను ఎరుగుదును. ఆ ల్యాబులోని సీనియర్లను క్యాంటీనుకు తీసుకువెళ్లి అడుగు: ఇంతకుముందు వారికి ఎన్నేళ్లు పట్టింది, పేపరులో మొదటి పేరు ఎవరిది ఉంటుంది, ప్రయోగం చెడితే ఆయన ఎలా మాట్లాడతారు, మధ్యలో వదిలి వెళ్లినవారు ఎవరు, ఎందుకు వెళ్లారు. చివరి ప్రశ్నకు జవాబు చెప్పడానికి వాళ్లు తటపటాయిస్తే ఆ ల్యాబు నీకు వద్దు. నీ సీటు ఏ కోటాలో వచ్చిందని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. నన్నూ అడిగారు. తలదించుకున్నాను, అదొక్కటే నాకు ఇప్పటికీ బాధ. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పి నీ పని చూసుకో. మాట హద్దు మీరితే తేదీతో సహా రాసిపెట్టి సంస్థలోని ఎస్సీ, ఎస్టీ విభాగానికి ఇవ్వు.

వచ్చే ఆదివారం ఇంటికి రా. రంగు గాఢతను కొలిచే మీ కళాశాల కలరీమీటరును ఒక్క పూట వాడుకోనివ్వమని మీ హెడ్‌గారిని అడుగు, ఆ పద్ధతికి కావలసిన మాలిబ్డేటు అనే రసాయనం ఏర్పాటు నేను చూస్తాను. లేత బొండం నీళ్లలో, ముదురు కాయ నీళ్లలో ఫాస్ఫేటు ఎంతెంత ఉందో సుబ్బారావు పద్ధతిలోనే కొలుద్దాం. బొండాలు మీ నాన్న ఒకే చెట్టు నుంచి దింపాలి. ఎందుకో వచ్చేలోపు ఆలోచించు. రికార్డు వద్దు, పుటలకు అంకెలు వేసిన నోటుపుస్తకం తెచ్చుకో. పెన్సిలు వాడవద్దు, కొట్టివేసిన అంకె కూడా కనబడాలి.

ఇట్లు,
మాస్టారు